పాత బోటుకు రూల్ 1100 బిల్జ్ పంపు: పంపు మంచిదే, ముంచేది పాత పైపు

సాగర్‌లోనో సోమశిల దగ్గరో తిరిగే పదహారడుగుల పాత ఫైబర్ బోటు అడుగున, చేరిన నీళ్లను బయటికి తోడే బిల్జ్ పంపు సాధారణంగా 500 జీపీహెచ్‌ది ఉంటుంది. గంటకు 500 గ్యాలన్లు, అంటే 1,890 లీటర్లు. ఇది పైపు తగిలించకుండా, నీళ్లు పైకి ఎత్తకుండా కొలిచిన లెక్క. మీటరు ఎత్తు ఎక్కి రెండు వంపులు తిరిగేసరికి మూడో వంతు పోయిందనుకోండి, నిమిషానికి ఇరవై చిల్లర లీటర్లు మిగులుతాయి. నీటిమట్టానికి అడుగు కింద అంగుళం బొక్క పడితే లోపలికొచ్చేవి నలభై పైనే. ఇక చెంబు పట్టాల్సిందే.

రూల్ 1100, అంటే రూల్ కంపెనీ 1100 జీపీహెచ్ పంపు, అదే లెక్కన నిమిషానికి 46 లీటర్ల దాకా తోడుతుంది. ఆ బొక్కతో సరిసమానంగా నిలబడుతుందంతే, ఒడ్డు చేరేదాకా టైం ఇస్తుంది. వానకైతే ధారాళంగా సరిపోతుంది. ఐదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న టాప్ లేని బోటులో పది సెంటీమీటర్ల వాన పడితే టన్ను నీళ్లు. పాతిక నిమిషాల్లోపు ఖాళీ.

అయితే కొత్త పంపుకు పాత ముప్పావు అంగుళం పైపే తగిలిస్తే డబ్బులు నీళ్లపాలు. దీని మూతి 28 మిల్లీమీటర్లు. పైపూ, బోటు గోడకున్న అవుట్‌లెటూ అదే సైజు ఉండాలి. మడతలు మడతలుగా ఉండే పైపు వద్దు, లోపల నున్నగా ఉన్నదే వేయండి. అవుట్‌లెట్ నీటిమట్టానికి కనీసం అడుగు పైన ఉండాలి, అదీ వెనక సీట్లో నలుగురు కూర్చున్నాక కొలవాలి. లేదంటే పంపు ఆగాక సాగర్ నీళ్లే వెనక్కి బోటులోకి వస్తాయి.

పంపు ఆగినప్పుడు పైపులో మిగిలిన నీళ్లు ఎలాగూ దిగుతాయి, రెండు మీటర్ల పైపులో లీటరుంపావు. అడుగుభాగం ఇరుకైతే ఆ కాస్త నీటికే ఫ్లోట్ (నీటి మీద తేలుతూ పంపును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) లేచి పంపు మళ్లీ ఆన్, మళ్లీ ఆఫ్. దీనికి చాలామంది నీళ్లను వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ పెడతారు. పెట్టకండి. చెత్త పడితే అది ఇరుక్కుంటుంది, పంపులో గాలి పట్టి మోటారు ఉత్తగా తిరుగుతుంది. పైపు పొట్టిగా కోసి, ఫ్లోట్‌ను జర పైకి బిగిస్తే చాలు.

స్విచ్ లోపలే ఉన్న ఆటోమేటిక్ రకమూ దొరుకుతుంది. అది రెండున్నర నిమిషాలకోసారి తిరిగి నీళ్లున్నాయా అని చూసుకుంటుంది. ఆదివారం తప్ప కదలని బోటుకు అది బ్యాటరీ దండగ. మామూలు పంపు, విడిగా ఫ్లోట్ స్విచ్ మేలు. ఫ్లోట్ వైరు మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీకి పోవాలి. ఫ్యూజు పంపు మీద రాసినదే, అంతకు పెద్దది వేస్తే ఇంపెల్లర్ (నీళ్లను నెట్టే లోపలి చక్రం) పట్టేసిన రోజు ముందు కాలేది మోటారు.

బ్యాటరీ ఐదు మీటర్ల దూరంలో ఉంటే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, వీలైతే తగరం పూత రాగిది. మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు అడుగున తడికి పచ్చబడుతుంది. ష్రింక్ ట్యూబున్న (వేడి చేస్తే ముడుచుకుని వైరుకు బిగిసే గొట్టం) జాయింట్లు వాడి, వాటిని నీళ్లందనంత పైకి కట్టండి. గోధుమ వైరు ప్లస్, నల్లది మైనస్. తారుమారైనా మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం సన్నగా వస్తాయి. పంపు బాగాలేదని తిట్టుకునే ముందు ఇది చూసుకోండి.

పంపు అడుగునున్న జాలిని బోటు ఫైబర్‌కు నేరుగా స్క్రూ చేయొద్దు. ఎపాక్సీతో చిన్న చెక్క దిమ్మె అంటించి, పొట్టి స్క్రూలు దానికి బిగించాలి. పక్కల క్లిప్పులు నొక్కితే పంపు జాలి నుంచి ఊడి చేతికొస్తుంది, ఈ పంపులో అన్నిటికంటే నచ్చేది ఇదే. వరదనీళ్ల ఒండ్రు, నాచు, చిప్స్ ప్యాకెట్ ముక్కలు అన్నీ ఆ జాలి దగ్గరే చేరతాయి. నల్గొండ మోటారు షాపుల్లో బోరు మోటార్లకున్న సామాను దీనికి దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించేటప్పుడే ఫ్లోట్ ఇంకోటి తెప్పించుకోండి.

బిగించాక ఇరవై లీటర్ల బకెట్లు ఐదు పోసి టైం చూడండి. రెండున్నర నిమిషాల్లో అయిపోవాలి. నాలుగు పడితే, పంపు తిరుగుతుండగా దాని దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి ఇక్కడ 12 కిందికి పడితే తప్పు వైరుది. వోల్టేజీ బాగానే ఉంటే పైపులో ఎక్కడో మడత పడింది.