జైపూర్‌లో పదకొండేళ్ళుగా పాత ఆటోమేటిక్ కారు: "గేర్ బాక్స్ పోయింది" అని ఐదుసార్లు చెప్పారు, పోయింది ఒక్కసారే

జైపూర్ అంటే రాజస్థాన్‌ది కాదండి, ఒడిశాలో కోరాపుట్ జిల్లా జైపూర్, మా తాతలు జయపురం అనేవారు. ఇక్కణ్ణుంచి ఒక ఘాట్ ఎక్కితే కోరాపుట్, సెమిలిగూడ, పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగితే సాలూరు. చుట్టాలు సగం మంది విజయనగరంలో, పెళ్ళిళ్ళు అక్కడ, ఆస్పత్రి పని విశాఖలో, అంచేత ఈ రోడ్డు నాకు వీధి లాంటిది. బండి 2010 మోడల్ పెట్రోల్ సెడాన్, 4 స్పీడ్ టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్ బాక్స్‌కి అందించే భాగం) ఆటోమేటిక్, గేర్ లివర్‌కి ఓవర్‌డ్రైవ్ ఆఫ్ బటన్ (నొక్కితే నాలుగో గేర్‌కి వెళ్ళదు) ఉండే పాత రకం. కంపెనీ పేరు అక్కర్లేదు, ఆ కాలం నాటి 4 స్పీడ్ బాక్స్‌లు చాలావరకు ఇలాగే నడుస్తాయి ఇలాగే పాడవుతాయి. సునాబెడలో పనిచేసి ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర 2014లో కొన్నాను, అప్పటికి 41 వేల కిలోమీటర్లు, ఇవాళ్టికి లక్షా 52 వేలు. నెంబర్ ప్లేట్ మీద ఇంకా ఓఆర్ 10 అనే ఉంటుంది, ఓడీ రాకముందు బండి మరి. ఆటోమేటిక్ ఎందుకంటే నా ఎడమ మోకాలు, ఘాట్‌లో లారీ వెనకాల క్లచ్ తొక్కి తొక్కి అది ముందే పోయింది.

మైలేజీ ఊళ్ళో 9, రోడ్డు మీద 13, దాని గురించి ఇంక మాటాడుకోవద్దు.

కొన్న మరుసటి ఏడు చలికాలం మొదలైంది కథ. డిసెంబర్లో పొద్దున్నే స్టార్ట్ చేసి డి (ముందుకి పోయే పొజిషన్) లో వేస్తే ఒకటి, రెండు, మూడు సెకన్లు ఏమీ ఉండదు, నాలుగోదానికి ధన్‌మని ఎవరో వెనకనుంచి తన్నినట్టు కదుల్తుంది. ఒకసారి వేడెక్కితే మామూలే. ఇక్కడి మిస్త్రీ రెండు నిమిషాలు నడిపి "గేర్ బాక్స్ ఖరాప్ హెయిగలా బాబూ" అనీసాడు, హైదరాబాద్ నుంచి సెకండ్ హేండ్ బాక్స్ తెప్పిస్తే 70 వేలు అన్నాడు. నేనా గేర్ బాక్స్ ఆయిల్ చూసాను కదా, డిప్‌స్టిక్ మీద బానే ఉంది కదా అని నమ్మేసా. తప్పు నాదే, నేను చూసింది చల్లటి బండిలో, ఇంజిన్ ఆపేసి, ఇంజిన్ ఆయిల్ చూసినట్టు చూసా. ఆ రాత్రి మాన్యువల్ తీస్తే అసలు పద్ధతి వేరు: ఇరవై నిమిషాలు తిప్పి బాగా వేడెక్కాక, చదును నేల మీద, ఇంజిన్ రన్నింగ్‌లోనే, బ్రేక్ తొక్కి లివర్‌ని అన్ని పొజిషన్లలోకీ ఒక్కసారి తిప్పి, పి (పార్కింగ్) లో పెట్టి అప్పుడు డిప్‌స్టిక్ లాగాలి, నూలు పోగులు రాలని గుడ్డతో తుడవాలి, హాట్ గీతల మధ్య ఉండాలి (ఇంజిన్ ఆపాక చూడాల్సిన కార్లూ ఉన్నాయి, అసలు డిప్‌స్టిక్కే లేనివీ ఉన్నాయి, మీ మాన్యువల్ చూసుకోండి). అలా చూస్తే రెండు సెంటీమీటర్లు తక్కువ. రేడియేటర్ దగ్గర గేర్ బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పైపు క్లాంప్ చెమట పట్టినట్టు కారుతోంది, దుమ్ము పట్టి నల్లగా ఉండటంతో ఎవరికీ కనపళ్ళేదు. ఆయిల్ ఎర్రగా ఉండాల్సింది టీ డికాక్షన్ రంగులో ఉంది, కానీ మాడు వాసన లేదు, అదే నన్ను కాపాడింది.

క్లాంప్ ఖరీదు ఎంతో చెప్తే నవ్వుతారు. ఆయిల్ మాత్రం ఖర్చే, ఎందుకంటే డ్రెయిన్ బోల్ట్ విప్పితే ఏడు లీటర్ల పైచిలుకు పట్టే బాక్స్‌లోంచి నాలుగే కారతాయి, మిగతాది టార్క్ కన్వర్టర్లోనూ కూలర్ పైపుల్లోనూ ఉండిపోతుంది, అంచేత నెల రోజుల్లో మూడుసార్లు డ్రెయిన్ చేసి నింపా, పన్నెండు లీటర్లు. మెషిన్ పెట్టి ఒక్కసారే ఫ్లష్ చేస్తామన్నవాళ్ళున్నారు, పాత బాక్స్‌కి నాకు ధైర్యం చాల్లేదు. మూడోసారి అయ్యాక డిసెంబర్ చలిలో కూడా ఒక సెకనులో పట్టుకుంది. 70 వేలు మిగిలాయి.

అప్పుడే ఒక చిన్న నోట్‌బుక్ గ్లవ్ బాక్స్‌లో పెట్టా. ఏ సౌండ్ వచ్చినా, ఏ కుదుపు వచ్చినా రాస్తా, బండి చల్లగా ఉందా వేడిగా ఉందా, ఏ గేర్లో, ఎంత స్పీడ్‌లో, యాక్సిలరేటర్ ఎంత తొక్కి ఉంది, ఎక్కుతున్నానా దిగుతున్నానా. మా ఆవిడ దీన్ని బండి జాతకం అంటుంది. అననివ్వండి, మెకానిక్ దగ్గరకెళ్ళి "ఏదో కుదుపుతోందండి" అన్న రోజు ఒక జవాబు వస్తుంది, "వేడెక్కాక, నాలుగో గేర్లో, 60 స్పీడ్‌లో, సగం కన్నా తక్కువ తొక్కినప్పుడు" అన్న రోజు వేరే జవాబు వస్తుంది, ఒకే మనిషి దగ్గర.

ఆ 60 స్పీడ్ సంగతే రెండోది. సాలూరు దాటి రామభద్రపురం వైపు చదును రోడ్డు మీద బండి వణికేది, గతుకుల పట్టీల మీద పోతున్నట్టు ఒక అయిదారు సెకన్లు, మళ్ళీ మామూలు. సాలూరు లారీల ఊరు, లారీ గేర్ బాక్స్ కళ్ళు మూసుకుని విప్పి బిగించే మేస్త్రీలున్నారు, గాని ఆటోమేటిక్ అనీసరికి ముట్టుకోరు, "అది పోతే పోయినట్టే బాబూ" అన్నారు. ఇక్కడ పైసా ఖర్చు లేని టెస్ట్ ఒకటుంది. ఆ వణుకు వస్తున్నప్పుడు కుడికాలు యాక్సిలరేటర్ మీదే స్థిరంగా ఉంచి, ఎడంకాలితో బ్రేక్ పెడల్‌ని లైట్ వెలిగేంత మాత్రం తాకాలి, వెనక ఎవరూ లేనప్పుడే సుమా. బ్రేక్ స్విచ్ తగలగానే టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌నీ గేర్ బాక్స్‌నీ జారకుండా కలిపి పట్టుకునే లోపలి క్లచ్) వదిలేస్తుంది. వణుకు ఆ క్షణంలో ఆగిపోతే లోపం లాకప్ క్లచ్‌దో ఆయిల్‌దో, ఆగకపోతే చాలావరకు ఇంజిన్‌ది. నాది ఆగలేదు. ఒక ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకి కరెంట్ ఇచ్చేది) వేడెక్కాక మిస్‌ఫైర్ అవుతోంది, అంటే మంట సరిగ్గా అంటుకోవట్లేదు, టాప్ గేర్లో తక్కువ ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) దగ్గర ఇంజిన్ మీద బరువు పడినప్పుడు బయటపడుతోంది. కాయిల్, నాలుగు ప్లగ్గులు మార్చా, అయిపోయింది.

తమాషా ఏటంటే 2018లో అచ్చం అదే వణుకు మళ్ళీ వచ్చింది, ఈసారి బ్రేక్ తాకగానే ఆగింది. ఇది మాత్రం ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది, ఎందుకంటే చేసింది నేనే. అంతకు రెండు నెల్ల ముందు ఆయిల్ మార్చేటప్పుడు సరైన గ్రేడ్ దొరక్క, కొట్టువాడు అన్ని ఆటోమేటిక్‌లకీ పనికొస్తుంది అంటే తక్కువ రేటుకి నాలుగు లీటర్లు పోయించా. లాకప్ క్లచ్ జారుడు, పట్టు అంతా ఆయిల్‌లో కలిపే మందుల మీద ఉంటుంది, గ్రేడ్ మారితే ముందు వణికేది అదే. మళ్ళీ మూడు డ్రెయిన్లు. నాలుగు లీటర్ల మీద మిగిల్చుకున్న డబ్బుకి పన్నెండు లీటర్ల శిక్ష.

రాయగడలో పెళ్ళికెళ్ళినప్పుడు జరిగింది చిన్నది, గాని మనిషి పరువు తీసీసింది. భోజనాలయ్యాక బయల్దేరదామంటే లివర్ పి లోంచి రాదు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, లివర్ రాదు, వెనకాల నాలుగు బండ్లు హారన్లు, పెళ్ళివారి డ్రైవర్ ఒకడొచ్చి గేర్ బాక్స్ జామ్ అయింది సార్ అన్నాడు. మా బావమరిది వెనకనుంచి చూసి "బావా, బ్రేక్ లైట్లు వెలగట్లేదు" అన్నాడు. అంతే, బ్రేక్ పెడల్ పైన ఉండే స్విచ్ పోయింది, బ్రేక్ తొక్కినట్టు కంప్యూటర్‌కి తెలీదు కాబట్టి లాక్ వదలదు. లివర్ పక్కన చిన్న మూత ఉంటుంది, తీసి తాళం చెవితో నొక్కితే వస్తుంది. స్విచ్ రెండొందల చిల్లర.

ఇప్పుడు సుంకి. 2021 ఆగస్టు, వాన, పైకి ఎక్కుతున్నాం. సగం ఘాట్‌లో ఓవర్‌డ్రైవ్ లైట్ టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది, బండి మూడో గేర్లో ఉండిపోయింది, లివర్ ఎక్కడ పెట్టినా మూడే. దీన్ని లింప్ మోడ్ అంటారు, ఏదో కరెంట్ లెక్క తేడా వస్తే బాక్స్ తనని తాను కాపాడుకోడానికి ఒకే గేర్లో ఉండిపోతుంది. ఆపితే మళ్ళీ ఎత్తు మీద మూడో గేర్లో కదలడం నరకం. ఒక లారీ ఆయన దేవుడిలా ఆగి తాడు కట్టి లాగుతా అన్నాడు, దండం పెట్టి వద్దన్నా. ముందు చక్రాలు నేల మీద తిరుగుతుంటే, ఇంజిన్ ఆగి ఉంటే, బాక్స్‌లో పంపు తిరగదు, ఆయిల్ పారదు, లోపలంతా కాలిపోతుంది, ముందు చక్రాలతో నడిచే ఇలాంటి ఆటోమేటిక్‌ని ఫ్లాట్‌బెడ్ (కారుని మొత్తంగా ఎక్కించుకునే బండి) మీదే ఎక్కించాలి లేదా ముందు చక్రాలు పైకి లేపి లాగాలి. గంట సేపు ఆపేసి, మొక్కజొన్న పొత్తులు తిని, తాళం తిప్పితే మామూలుగా నాలుగు గేర్లూ వచ్చాయి, పొట్టంగి దాకా. అక్కడ మళ్ళీ లైట్.

నా దగ్గర 900 రూపాయల బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివేది) ఉంది, ఈఎల్ఎం327 అనే చిప్ పేరు రాసుంటుంది గాని నకిలీదే, ఆ రేటుకి ఇంకేటి వస్తుంది. 2017 నుంచి వాడుతున్నా. దాన్ని తిట్టడానికి మనసు రాదు, కూలెంట్ టెంపరేచర్, ఆర్పీఎం, మిస్‌ఫైర్ కోడ్‌లు సుబ్బరంగా చూపిస్తుంది, కాయిల్ పట్టుకుంది దాంతోనే. కానీ గేర్ బాక్స్ దగ్గరకొచ్చీసరికి ఆ రోజు చూపించింది పి0700 ఒక్కటే. ఆ కోడ్‌కి అర్థం "గేర్ బాక్స్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు ఉంది, వెళ్ళి దాన్నడుగు" అని, అంతకంటే ఏమీ లేదు. చాలామంది దీన్ని చూసి బాక్స్ దింపేస్తారు, నాకు నాలుగోసారి పోయింది అని చెప్పినవాడు ఇది చూసే చెప్పాడు. విశాఖలో పెద్ద స్కానర్ పెట్టిస్తే పి0753, అంటే షిఫ్ట్ సొలినాయిడ్ ఏ (గేర్ మార్చడానికి ఆయిల్ దారి తెరిచి మూసే కరెంట్ వాల్వ్), కరెంట్ తేడా. ఇక్కడ కూడా సొలినాయిడ్ కొనీకండి. మల్టీమీటర్ పెట్టి సొలినాయిడ్ రెసిస్టెన్స్ కొలిస్తే మాన్యువల్‌లో రాసినంతే ఉంది. బాక్స్ మీద కనెక్టర్ విప్పితే లోపల పచ్చగా కిలుం, ఒక వైర్‌ని ఎలుక సగం కొరికింది. కిలుం గీకి, వైర్ అతికించి, రబ్బర్ సీల్ మార్చా. అప్పట్నుంచి ఈరోజుదాకా ఆ లైట్ రాలేదు.

ఇంక నిజంగా పోయినది. 2023 ఎండాకాలం, కోరాపుట్ ఘాట్ ఎక్కి వేడి మీద ఉన్నప్పుడు రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఆర్పీఎం ఒక్కసారి పైకి ఎగిరి దిగేది, న్యూట్రల్‌లో పడి మళ్ళీ పట్టుకున్నట్టు. చల్లగా ఉంటే ఏమీ లేదు. నోట్‌బుక్‌లో రాసా, స్టాల్ టెస్ట్ (బండి కదలకుండా ఆపి పూర్తిగా తొక్కితే ఆర్పీఎం ఎక్కడ ఆగుతుందో చూసి లోపలి క్లచ్‌లు జారుతున్నాయా తేల్చుకోవడం) కూడా చేసా: చక్రాలకి రాళ్ళు పెట్టి, హేండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి, డి లో ఫుల్ యాక్సిలరేటర్, అయిదు సెకన్లకి మించకుండా ఆర్పీఎం చూసుకుని వదిలేసి, న్యూట్రల్‌లో రెండు నిమిషాలు చల్లారనిచ్చి, మళ్ళీ ఆర్ (రివర్స్) లో. రెండూ మాన్యువల్ లెక్కలోనే ఉన్నాయి. అబ్బ బానే ఉంది అనుకుని రెండు నెల్లు తిరిగా, అక్కడే బుద్ధి తక్కువైంది. పెడల్ లేకపోయినా ఆటోమేటిక్ లోపల గేర్లు పట్టే క్లచ్‌లుంటాయి, నా బాక్స్‌లో ఆ టెస్ట్‌లో బరువు పడేది మొదటి గేరు, రివర్స్ క్లచ్‌ల మీదే, మూడో గేర్ పట్టే క్లచ్‌ని అది ముట్టుకోనే ముట్టుకోదు. డిప్‌స్టిక్ లాగితే నలుపు, మాడిన అట్టు వాసన, డ్రెయిన్ బోల్ట్ మాగ్నెట్ మీద ఎప్పుడూ ఉండే మెత్తటి బూడిద ముద్ద కాక మెరిసే ముక్కలు. స్కానర్లో పి0733, మూడో గేర్ లెక్క కలవట్లేదని. మెకానిక్ నోరు తెరవక ముందే నేనే చెప్పీసాను, పోయిందండీ అని.

విశాఖలో ఆటోమేటిక్‌లు మాత్రమే చేసే షాపు, ఫ్లాట్‌బెడ్ మీద పంపా, క్లచ్ ప్లేట్లు, సీల్ కిట్, టార్క్ కన్వర్టర్ విప్పి బాగుచేయడం, మొత్తం 58 వేలు, పదకొండు రోజులు. ఎందుకు మాడిందని అడిగితే ఆయన నా రూట్ అడిగాడు, అయిదుగురితో ఘాట్ ఎక్కేటప్పుడు ఓవర్‌డ్రైవ్ ఆఫ్ చేస్తారా అన్నాడు. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ కోసం చేస్తా, ఎక్కేటప్పుడు డి లో వదిలేసేవాణ్ణి. మూడు నాలుగు, నాలుగు మూడు అని మలుపు మలుపుకీ మారుతూ లోపల వేడి కట్టి క్లచ్ తినేసింది. ఇప్పుడు రేడియేటర్ ముందు విడిగా ఒక చిన్న ఆయిల్ కూలర్ పెట్టించా, ఘాట్ మొదట్లోనే బటన్ నొక్కేస్తా, రెండేళ్ళయింది, ఆయిల్ ఇంకా ఎర్రగానే ఉంది.

పదిహేనేళ్ళయింది కాబట్టి ఈ మధ్యే ఆర్సీ ఇంకో అయిదేళ్ళకి రెన్యువల్ చేయించా, మా అబ్బాయి అమ్మీమంటున్నాడు. పోయిన వారం నుంచి ఆర్ లో వేస్తే టంగ్‌మని చిన్న సౌండ్. ఇంజిన్ మౌంట్ (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బర్ దిమ్మ) అనుకుంటున్నా, బానెట్ ఎత్తి మా అబ్బాయిని బ్రేక్ మీద కాలుంచి డి, ఆర్, డి వెయ్యమంటే ఇంజిన్ ఎంత ఊగుతోందో ఆదివారం చూడాలి. నోట్‌బుక్‌లో ప్రస్తుతానికి ఒక్క లైనే ఉంది: "చల్లగా ఉన్నప్పుడే, ఏసీ ఆన్‌లో ఉంటే ఎక్కువ."