ఫైండ్ మై స్కూల్, మై స్కూల్: మెల్‌బోర్న్‌లో అద్దె ఇల్లు ఖాయం చేసుకునే ముందు చూడాల్సిన రెండు వెబ్‌సైట్లు

పిల్లలతో మెల్‌బోర్న్ వచ్చే తెలుగువాళ్లు మొదట అడిగేది "ఏ సబర్బ్ మంచిది?" అని. టార్నెట్ అని ఒకరు, పాయింట్ కుక్ అని ఒకరు, బడ్జెట్ ఉంటే గ్లెన్ వేవర్లీ అని ఇంకొకరు చెబుతారు. అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదు. విక్టోరియా రాష్ట్రంలో ప్రభుత్వ బడిలో సీటు సబర్బ్ పేరు చూసి ఇవ్వరు, ఇంటి నంబరు చూసి ఇస్తారు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లకు వేరే వేరే బళ్లు పడవచ్చు. హైదరాబాద్‌లో బడిని ముందు ఎంచుకుని, స్కూలు బస్సు ఎంత దూరమైనా వస్తుందిలే అనుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఈ లెక్క తేల్చడానికి రెండు ప్రభుత్వ వెబ్‌సైట్లు ఉన్నాయి. రెండూ ఉచితం. రెండింటి పేర్లూ దగ్గరదగ్గరగా ఉండడంతో చాలామంది ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటారు. ఫైండ్ మై స్కూల్ విక్టోరియా ప్రభుత్వానిది, ఏ ఇల్లు ఏ బడి జోన్‌లో, అంటే ఏ బడికి కేటాయించిన పరిధిలో, ఉందో చెబుతుంది. మై స్కూల్ దేశం మొత్తానికి సంబంధించినది, అకారా అనే జాతీయ సంస్థ 2010 నుంచి నడుపుతోంది, బడి ఎలా ఉందో అంకెల్లో చూపిస్తుంది. మొదటిదాన్ని కళ్లు మూసుకుని నమ్మవచ్చు. రెండోదాన్ని కళ్లు బాగా తెరిచి చదవాలి.

ఫైండ్ మై స్కూల్ వాడడం తేలిక. అడ్రసు కొడితే మ్యాపు మీద జోన్, బడి పేరు వస్తాయి. కానీ అడ్రసు కొట్టే ముందు రెండు ఎంపికలు సరిచూసుకోవాలి, పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి. ఒకటి, సంవత్సరం. జోన్లు ఏటా మారవచ్చు. అక్టోబరులో వచ్చి జనవరి చివర్లో పిల్లను చేర్చాలనుకుంటే వచ్చే ఏడాది జోన్ చూడాలి, ఈ ఏడాదిది కాదు. రెండు, తరగతి. ప్రైమరీకి ఒక మ్యాపు, ఏడో తరగతి నుంచి ఒక్కో తరగతికి ఒక్కో మ్యాపు ఉంటుంది. ఇలా ఎందుకంటే, మెల్‌బోర్న్ పశ్చిమాన వెలసే కొత్త హైస్కూళ్లు చాలావరకు మొదటి ఏడాది ఏడో తరగతి మాత్రమే తెరిచి, ఆ తర్వాత ఏడాదికో తరగతి చేర్చుకుంటూ పోతాయి. ఇంటి పక్కనే తళతళలాడే కొత్త బడి ఉన్నా, తొమ్మిదిలో చేరాల్సిన అబ్బాయికి అక్కడ తరగతే ఉండదు. అతని జోన్ ఇంకో బడికి వెళుతుంది.

మెల్‌బోర్న్ నగరంలో జోన్ గీసేది సాధారణంగా ఇంటి నుంచి బడికి తిన్నని గీత కొలతతో. అంటే మధ్యలో ఫ్రీవే, రైలు పట్టాలు, వాగు ఏమున్నా లెక్కలోకి రావు. మ్యాపులో కిలోమీటరు దూరం ఉన్న బడికి కారులో చుట్టూ తిరిగి మూడు కిలోమీటర్లు పోవాల్సి రావచ్చు. జోన్ తేలాక నడిచే దారిని విడిగా గూగుల్ మ్యాప్స్‌లో చూసుకోండి. కొత్త లేఔట్లలో కొన్ని అడ్రసులు ఎక్కకపోవచ్చు. అప్పుడు మ్యాపును పెద్దది చేసి జోన్ సరిహద్దు ఎక్కడుందో చూడండి, ఇల్లు సరిహద్దు మీదే ఉందనిపిస్తే బడికి ఫోన్ చేసి అడగండి. రియల్ ఎస్టేట్ ప్రకటనలో "ఫలానా బడికి దగ్గర" అని రాసినంత మాత్రాన జోన్‌లో ఉన్నట్టు కాదు. గ్లెన్ వేవర్లీ సెకండరీ కాలేజ్, బాల్విన్ హై, మెకినన్ సెకండరీ లాంటి పేరున్న బళ్ల చుట్టూ ఈ మాట మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ సైటుకున్న అసలు బలం వేరే ఉంది. జోన్‌లో శాశ్వతంగా నివసించే పిల్లకు ఆ బడి సీటు ఇచ్చితీరాలి, నిండిపోయిందని పంపేయడానికి లేదు. జోన్ బయటివాళ్లకు చోటు మిగిలితేనే ఇస్తారు. అందులోనూ అదే బడిలో అన్నో అక్కో చదువుతుంటే ముందు వరుస, మిగతావాళ్లకు ఇంటి దూరాన్ని బట్టి. డొనేషన్, సిఫారసు పనిచేయవు. అడ్రసు రుజువే పని చేస్తుంది: లీజు కాగితం, కరెంటు లేదా గ్యాస్ బిల్లు, కొన్ని బళ్లు ఇంకా ఎక్కువే అడుగుతాయి. మొదటి మూడు వారాలకు తీసుకున్న హోటల్ బుకింగ్, స్నేహితుల ఇంటి అడ్రసు సాధారణంగా సరిపోవు. పేరున్న బడి జోన్‌లో ఒక గది అద్దెకు తీసుకుని మరోచోట ఉండే ఆలోచన అస్సలు వద్దు. చూసేది పిల్ల నిజంగా ఎక్కడ ఉంటుందన్నదే.

లోపాలూ ఉన్నాయి. క్యాథలిక్, ప్రైవేటు బళ్ల చేరిక నియమాలు ఇందులో కనిపించవు. బయటి జోన్ పిల్లలకు చోటుందో లేదో తెలియదు. ఒక్కో అడ్రసూ విడిగా కొట్టుకోవాల్సిందే, కాబట్టి పది ఇళ్లు చూస్తుంటే పది సార్లు కొట్టి స్క్రీన్‌షాట్ దాచుకోండి. అద్దె ఇక్కడ వారం లెక్కన చెబుతారు, బాండ్ అనే డిపాజిట్ సాధారణంగా నెల అద్దె, లీజు ఎక్కువగా 12 నెలలు. మధ్యలో వదిలేస్తే ఖర్చు తప్పదు. జోన్ చూడకుండా సంతకం పెడితే ఆ నష్టమంతా మన నెత్తిమీదే.

ఇక మై స్కూల్. ఇది తెరవగానే అందరి కళ్లూ ఇక్సియా అనే అంకె మీద పడతాయి. సగటు 1000. 1080 ఉన్న బడి 1010 ఉన్న బడికంటే మంచిదని వాట్సాప్ గ్రూపుల్లో చకచకా పంచేస్తారు. ఈ అంకెలో బోధన గురించి ఒక్క ముక్క లేదు. తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం, బడి ఉన్న ప్రాంతం, ఆదివాసీ విద్యార్థుల శాతం, వీటితో కట్టిన లెక్క ఇది. ఎలాంటి ఇళ్ల పిల్లలు వస్తున్నారో చెబుతుంది, వాళ్లకు పాఠాలు ఎలా చెబుతున్నారో చెప్పదు.

నాప్లాన్ అనే జాతీయ పరీక్ష ఫలితాలు అంతకంటే ఉపయోగం. 3, 5, 7, 9 తరగతులకు ఈ పరీక్ష ఉంటుంది. 2023లో దీన్ని మే నుంచి మార్చికి మార్చి, కొలమానం కూడా కొత్తగా పెట్టారు, కాబట్టి 2022, ఆ ముందు అంకెలతో పోల్చకండి. ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం ఉంది. బడి సంవత్సరం జనవరి చివర్లో మొదలవుతుంది. మార్చిలో ఏడో తరగతి పిల్లలు రాసేటప్పటికి ఆ హైస్కూలుకు వచ్చి ఆరేడు వారాలే అవుతుంది. అంటే ఏడో తరగతి ఫలితం చెప్పేది వాళ్ల పాత ప్రైమరీ బళ్ల గురించి. హైస్కూలును తూచాలంటే తొమ్మిదో తరగతి ఫలితం చూడాలి. అదీ "ఇలాంటి నేపథ్యం ఉన్న విద్యార్థులతో పోలిక" అనే ఎంపికలో. అక్కడ ఆకుపచ్చ కనిపిస్తే అలాంటి పిల్లలకంటే మెరుగని, గులాబీ రంగు కనిపిస్తే వెనకబడ్డారని అర్థం. పాల్గొన్న శాతం కూడా చూడండి. అది తక్కువుంటే సగటుకు విలువ లేదు.

ఎవరూ చూడని రెండు పేజీలు నిజానికి బాగా పనికొస్తాయి. ఒకటి విద్యార్థుల సంఖ్య, ఏళ్లవారీగా. టార్నెట్, పాయింట్ కుక్ ఉన్న విందామ్ ప్రాంతంలో కొన్ని బళ్లు కొద్ది ఏళ్లలోనే ఎంతో పెరిగాయి. అలాంటిచోట ఆటస్థలంలో పోర్టబుల్ తరగతి గదులు వస్తాయి. రెండోది హాజరు, అందులోనూ 90 శాతం పైగా హాజరైన పిల్లల వాటా. అది పడిపోతున్న బడికి వెళ్లినప్పుడు కారణం అడగాలి. ప్రైవేటు బడి చూస్తుంటే ఆర్థిక వివరాల్లో తల్లిదండ్రుల నుంచి ఒక్కో విద్యార్థికి వచ్చిన ఆదాయం ఉంటుంది, బ్రోచర్‌లో కనబడని అదనపు ఖర్చుల అంచనా అక్కడ దొరుకుతుంది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ అయిన వీసీఈలో బడివారీ మధ్యస్థ (మీడియన్) మార్కులకు మాత్రం మై స్కూల్ కాదు, ఆ పరీక్షలు నడిపే రాష్ట్ర సంస్థ వీసీఏఏ ఏటా వేసే జాబితా చూడాలి. అందులో 30 అంటే రాష్ట్ర సగటు. సుజాన్ కోరీ, నాసల్, మెల్‌బోర్న్ హై, మాక్‌రాబర్ట్‌సన్ గర్ల్స్ ఆ జాబితాలో పైన కనిపిస్తాయి. ఈ నాలుగూ ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి తొమ్మిదిలోకి చేర్చుకునే బళ్లు, మామూలు బళ్లతో పోల్చడం న్యాయం కాదు.

రెండు సైట్లూ చెప్పనివి కొన్ని ఉన్నాయి. వయసు: విక్టోరియాలో ప్రెప్‌లో, అంటే బడి మొదటి ఏడాదిలో, చేరాలంటే ఆ ఏడాది ఏప్రిల్ 30 నాటికి 5 ఏళ్లు నిండాలి. 2021 మే 10న పుట్టిన పాప 2026లో చేరడానికి వీల్లేదు, 2027 దాకా ఆగాలి. సిడ్నీలో అయితే గడువు జులై 31, అక్కడ ఇదే పాప 2026లోనే చేరవచ్చు. ఊళ్లో యూకేజీ పూర్తయిందన్నది ఇక్కడ లెక్కకు రాదు. వీసా: కంపెనీ స్పాన్సర్ చేసే 482 ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల పిల్లలకు విక్టోరియా ప్రభుత్వ బళ్లలో ట్యూషన్ ఫీజు లేదు. 500 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ల పిల్లలకు సాధారణంగా ఉంటుంది. రాష్ట్రం మారితే నియమం మారుతుంది, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందే తేల్చుకోవాలి. టీకాలు: ప్రైమరీలో చేర్చేందుకు ఆస్ట్రేలియా టీకాల రిజిస్టరు నుంచి వచ్చిన పత్రం ఇవ్వాలి. మన టీకా కార్డును నేరుగా ఇస్తే కుదరదు. దాన్ని జీపీ (స్థానిక ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి తీసుకెళ్లి రిజిస్టరులో ఎక్కించాలి, కొన్ని రోజులు పట్టే పని, దిగిన వారంలోనే మొదలుపెట్టండి. బడి తర్వాత సంరక్షణ: బళ్లు మూడున్నర ప్రాంతంలో వదిలేస్తాయి. ఇద్దరూ ఉద్యోగం చేస్తే ఆఫ్టర్ కేర్‌లో చోటు కావాలి, 482 వీసాకు దాని మీద సబ్సిడీ సాధారణంగా రాదు. అద్దె తక్కువని ఎంచుకున్న సబర్బ్‌లో ఈ ఖర్చు కలిపితే లెక్క తారుమారు కావచ్చు.

రైలు కూడా చూడాలి. టార్నెట్ స్టేషన్‌లో ఆగేవి మెట్రో రైళ్లు కావు, 2015 నుంచి ఆగుతున్న వీలైన్ జీలాంగ్ రైళ్లు, అంటే నగరం బయటి ఊళ్లకు పోయేవి. పాయింట్ కుక్‌లో స్టేషనే లేదు, విలియమ్స్ లాండింగ్ దాకా పోవాలి. ఒక రైలు తప్పితే ఆఫ్టర్ కేర్ మూసే వేళకు అందుకోలేరు.

దిగే తేదీ మీ చేతిలో ఉంటే ఏప్రిల్ మొదటి వారం చూసుకోండి. మన దగ్గర సీబీఎస్‌ఈ బళ్లలో సాధారణంగా మార్చిలో పరీక్షలు అయిపోతాయి, ఇక్కడ దాదాపు ఆ వేళకు మొదటి టర్మ్ ముగిసి రెండు వారాల సెలవులు వస్తాయి. ఇల్లు, టీకా పత్రం, చేరిక దరఖాస్తు ఆ రెండు వారాల్లో సర్దుకుంటే బిడ్డ రెండో టర్మ్ మొదటి రోజే తరగతిలో కూర్చుంటుంది. ఇద్దరు పిల్లలుంటే ఫైండ్ మై స్కూల్‌లో ఇద్దరి తరగతులూ, చిన్నదానికి రాబోయే ఏడో తరగతి జోనూ ఒకే ఇంటి నంబరు మీద కొట్టి చూడండి. ఇల్లు ప్రైమరీకి బాగా కుదిరి హైస్కూలుకు కుదరకపోతే, మూడేళ్లకే మళ్లీ సామాన్లు సర్దాల్సి వస్తుంది.