రామప్ప రాయికి సిమెంటు పూసిన స్కానర్

పాత కెమెరా ఫిల్ము బొమ్మలైన స్లైడ్లను నాలుగేసి ఒకేసారి పట్టే ఈ ఫ్లాట్‌బెడ్ స్కానర్‌ను హనుమకొండలోని మా ఇంట్లో రెండేళ్లకు పైగా వాడుతున్నాను. రిజల్యూషన్, వేగం లాంటి వివరాలు డబ్బా మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నా గొడవంతా దాని సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ‘కలర్ రెస్టోరేషన్’ అనే ఒక్క గడితోనే.

ముందు మంచి మాట. ధూళి మచ్చలు తీసేసే సదుపాయం అద్భుతం. ఫిల్ములోని రంగుల గుండా ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు దూసుకుపోతాయి, దుమ్ము, గీతలు మాత్రం అడ్డుపడతాయి. ఆ తేడాను బట్టి మచ్చ ఎక్కడుందో పట్టేసి పూడుస్తుంది. ఏళ్ల తరబడి బీరువా అడుగున పడి ఉన్న స్లైడ్లను చూసి నేను ఆశ వదులుకున్నాను. అవి శుభ్రంగా బయటపడ్డాయి.

ఇక ఆ గడి సంగతి. నాన్న 1970లలో తీసిన స్లైడ్లు చాలావరకు ఎర్రబారాయి. స్లైడు ఫిల్ములో సయాన్, మెజెంటా, పసుపు అని మూడు రంగుల పొరలు ఉంటాయి. వీటిలో సయాన్ ముందుగా వెలిసిపోతే ఎరుపును ఆపేవాడు ఉండడు, బొమ్మంతా గులాబీ ముద్ద అవుతుంది. గడిలో టిక్కు పెడితే సాఫ్ట్‌వేర్ ఆ ఎరుపును అణచి, మొత్తాన్ని ఏ రంగూ ఎక్కువ కాని సగటుకు లాక్కొస్తుంది. వాకిట్లో అందరూ వరుసగా నిలబడి దిగిన ఫోటోకు అది చాలు. రామప్ప గుడికి చాలదు.

పాలంపేటలోని ఆ గుడి గోడలు ఎర్ర ఇసుకరాయివి. అంటే నాన్న తీసిన స్లైడులో ఎరుపు రెండు రకాలు: ఒకటి రాయిది, రెండోది ఫిల్ము ముసలితనానిది. ఆ తేడా తెలియని గడి రెండింటినీ కలిపి తుడిచేసింది. 1213 నాటి గుడి కాస్తా నిన్నగాక మొన్న సిమెంటు పూసిన ఫంక్షన్ హాలులా తయారైంది.

చాలాసేపు మల్లగుల్లాలు పడ్డాక దారి ఆ బొమ్మలోనే దొరికింది. చూరు కింద నిలబడ్డ మదనికలు, అంటే ఆ స్త్రీమూర్తుల శిల్పాలు, ఇసుకరాయివి కావు, నల్ల బసాల్టువి. నల్లరాయిలో ఎరుపు, నీలం మొగ్గు ఉండకూడదు కదా అని, ఫోటోలు దిద్దే ప్రోగ్రామ్‌లో నొక్కిన చోటును అసలైన బూడిద రంగుగా తీసుకుని మిగతా బొమ్మను దిద్దే పరికరంతో మదనిక మోకాలి మీద నొక్కాను. బొమ్మంతా పసుపెక్కింది. కారణం సులువే: అంత నునుపుగా చెక్కిన రాయి ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది, ఆ నీలాన్ని ప్రోగ్రామ్ దోషమనుకుని కొట్టేసింది. మెరుపు లేని చోటు వెతికి పాదం దగ్గర నొక్కితే గోడకు ప్రాణం వచ్చింది. తెలుపు కోసం తాతయ్య పంచెను పట్టుకుందామంటే అదీ నమ్మదగింది కాదు, అప్పట్లో పంచెలకు నీలిమందు పెట్టేవారు! చివరికి మబ్బును తెలుపుగా తీసుకుని, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కర్వులను (ఒక్కో రంగు ఎక్కువతక్కువలను మార్చే గీతలను) విడివిడిగా దిద్దాను. ఇదంతా కుదరాలంటే ఏ టిక్కూ పెట్టకుండా 16 బిట్ల టిఫ్ ఫైలుగా, అంటే రంగుల వివరాలు పోకుండా దాచే పెద్ద ఫైలుగా, స్కాన్ చేయాలి. 3200 డీపీఐలో (అంగుళానికి 3200 చుక్కలతో) ఒక్కోటి 80 ఎంబీ దాటుతుంది, డిస్కు నిండుతుంది. తప్పదు.

అయితే ఆ గడికి మా ఇంట్లోనే ఒక అభిమాని ఉంది. అక్కను పెళ్లికూతురిని చేసిన రోజు స్లైడులో ముఖానికి పూసిన పసుపును కూడా అది దోషంగానే లెక్కగట్టి తీసేసింది. నేను కష్టపడి పసుపు తిరిగి తెస్తే అక్క రెండూ పక్కపక్కన చూసి, “తమ్ముడూ, తెల్లగా ఉన్నదే పంపించు” అంది. పంపించాను.

చీరల రంగులకు సాక్షి అమ్మే. “అది వక్కపొడి రంగు కాదు, నెమలికంఠం” అని ఆమె చెబితే నేను దిద్దేవాణ్ని. పోయిన చలికాలంలో ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయింది. పసుపుబారిన కటకం తీసేస్తే నీలాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అంతకుముందు తానే సరేనన్న ఫోటోలు చూసి, “వీటన్నిటికీ ఇంత నీలం పెట్టావేమిటి?” అని అడిగింది. వాటిని మళ్లీ ముట్టుకోలేదు.

ధూళి సదుపాయాన్ని పైన పొగిడాను. బాబాయి విదేశం నుంచి తెచ్చిన కోడాక్రోమ్ స్లైడ్ల దగ్గర దాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఆ ఫిల్ములోని సయాన్ ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా కొంత ఆపుతుంది, అందుకని నల్లని జడ అంచులనూ కనుబొమ్మలనూ దుమ్మనుకుని అలికేసింది. చీకట్లో ఉంటే రంగు చెడని ఫిల్ము అది, దానికి దిద్దుబాటే పెద్దగా అక్కరలేదు. ఇక బూజు పొరనే తినేసిన చోట పూడ్చేది ఊహే తప్ప ఫోటో కాదు. పైగా ఈ సదుపాయం పెడితే స్కాన్‌కు పట్టే సమయం బాగా పెరుగుతుంది.

ఉద్యోగ విరమణ అయి మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్న నాకు ఇది సరిపోయింది. వందల స్లైడ్లు ఉండి, ఆ రంగులు గుర్తున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే కొనవచ్చు. ఒక పెట్టెడే ఉంటే స్టూడియోకు ఇవ్వడమే చవక. జేపీజీలు మాత్రమే ఇస్తామంటే ఒప్పుకోకండి, దిద్దని టిఫ్‌లు కూడా అడిగి తీసుకోండి.