లేజర్‌తో రోమాల తొలగింపు: కొన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం

చంకలు, కాళ్లు, గడ్డం, మూడు చోట్లా లేజర్ చేయించుకున్నాను. ఒళ్లు ఒకటే అయినా ఫలితాలకు మాత్రం పొంతన లేదు. చంకల్లో అక్కడక్కడా నాలుగు పోగులు తప్ప ఏమీ మిగల్లేదు. కాళ్లు ఫర్వాలేదు, ఎప్పుడో ఒకసారి రేజర్‌తో గీసుకుంటే సరిపోతుంది. గడ్డం సంగతే ఇంకా తేలలేదు.

నాకు పీసీఓఎస్ ఉంది, అంటే హార్మోన్లు అదుపు తప్పి నెలసరి క్రమం చెడే సమస్య. దవడ వెంబడి నల్లగా, బిరుసుగా వచ్చే వెంట్రుకలు దాని పుణ్యమే. ఉన్న కుదుళ్లను లేజర్ దెబ్బతీస్తుంది గానీ, ఒంట్లో ఆండ్రోజెన్లు (మగ హార్మోన్లు) ఎక్కువగా ఉన్నన్నాళ్లూ పక్కనున్న నూగు ముదురు వెంట్రుకలుగా మారుతూనే ఉంటుంది. అందుకే ఇప్పటికీ అప్పుడప్పుడూ టచప్‌కు వెళ్లక తప్పడం లేదు. నెలసరి క్రమం తప్పేవాళ్లు ముందు గైనకాలజిస్టునో హార్మోన్ల సమస్యలు చూసే ఎండోక్రైనాలజిస్టునో కలవాలి. క్లినిక్కువాళ్లు ఈ మాట తమంతట తాము చెప్పడం అరుదు. మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ కూడా లేజర్ యంత్రాలకు రోమాలను శాశ్వతంగా తగ్గిస్తాయని చెప్పుకోవడానికే అనుమతి ఇచ్చింది, పూర్తిగా పోగొడతాయని కాదు.

ఇక యంత్రం. లేజర్ వెతికేది వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్‌ అనే రంగు పదార్థాన్ని. మన చర్మంలోనూ అది దండిగా ఉంటుంది కాబట్టి చిక్కంతా అక్కడే. లేజర్లలో రకాలున్నాయి, కాంతి తరంగం పొడవును బట్టి. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ తెల్లని చర్మానికి బాగా నప్పుతుంది. ముదురు రంగు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అన్నిటికన్నా క్షేమం. లోతుకు దిగుతుంది, పైపొరను తక్కువగా వేడెక్కిస్తుంది. 810 దగ్గర పనిచేసే డయోడ్ ఈ రెండింటికీ మధ్యది. నేను మొదట వెళ్లిన చోట ప్యాచ్ టెస్ట్ (ముందు కొద్ది చోట చేసి చర్మం ఎలా ఉంటుందో చూడటం) చేయకుండానే పవర్ పెంచేశారు. పిక్క మీద యంత్రం మొన ఆకారంలోనే గోధుమరంగు గళ్లు వరసగా తేలాయి. అవి మాయడానికి నెలలు పట్టింది, ఆ వేసవంతా సన్‌స్క్రీన్ లేనిదే గడప దాటలేదు. కాబట్టి ఏ యంత్రం, ఎవరు చేస్తారు, కాలితే చూసే చర్మవైద్యులు అక్కడే ఉంటారా అని అడిగాకే డబ్బు కట్టండి. ప్యాకేజీ మొత్తం ఒకేసారి కట్టమని ఒత్తిడి చేసేవాళ్లకు నేనైతే దణ్ణం పెట్టి వచ్చేస్తాను.

నొప్పి భరించలేనంత ఉండదు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, గది నిండా జుట్టు కాలిన వాసన. పై పెదవి దగ్గర మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తర్వాత వారం పది రోజులకు వెంట్రుకలు మళ్లీ పెరుగుతున్నట్టు కనిపిస్తే కంగారుపడకండి. అవి చచ్చిన పోగులే, తువ్వాలుతో తుడుచుకుంటుంటే రాలిపోతాయి.

అసలు కష్టం సిట్టింగుల మధ్య. కుదురులో వెంట్రుక ఉంటేనే లేజర్‌కు పని. అందుకని త్రెడింగ్, వ్యాక్సింగ్, ప్లక్కర్ అన్నీ బంద్, రేజర్ ఒక్కటే దిక్కు. "ఆడపిల్లవు, మొహానికి రేజర్ పెడతావా? ఇంకా దట్టంగా వస్తాయే" అని అమ్మ ఎంత గోల చేసిందో! గీసినంత మాత్రాన వెంట్రుక మందం కాదు, కొస మొద్దుగా ఉండి అలా తగులుతుంది, అంతే. మొహానికి నాలుగు నుంచి ఆరు వారాలు, కాళ్లకు అంతకన్నా ఎక్కువ ఎడం ఇస్తారు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు చెబుతారు. ఏ సమయంలోనైనా కొన్ని వెంట్రుకలే పెరిగే దశలో ఉంటాయి, లేజర్‌కు లొంగేవి అవే. పెళ్లి ముహూర్తం దగ్గర పెట్టుకుని మొదలుపెట్టే పని కాదిది.

గడ్డం మీద ఈమధ్య తెల్లవి కూడా కనిపిస్తున్నాయి. రంగు లేని వెంట్రుకను లేజర్ పట్టించుకోదు, వాటికి ఎలక్ట్రాలిసిస్ మొదలుపెట్టాను. ఒక్కో కుదురులోకి సన్నని సూది దించి కరెంటు పంపుతారు. ఇది 1875లో ఒక అమెరికన్ కంటివైద్యుడు లోపలికి తిరిగిన కనురెప్ప వెంట్రుకల కోసం వాడిన పద్ధతి. నత్తనడకే గానీ, వెంట్రుక రంగుతో, చర్మపు రంగుతో దానికి నిమిత్తం లేదు. గడ్డం మొత్తానికి చేయించుకునే ఓపిక నాకు లేదు, ఆ తెల్లవాటి వరకు చాలు.