లండన్‌లో ఒక యూదు ప్రాథమిక పాఠశాల: ఏడేళ్ల అనుభవం

మా అమ్మాయి 2018 సెప్టెంబరులో ఉత్తర లండన్‌లోని ఒక యూదు ప్రాథమిక పాఠశాలలో రిసెప్షన్ (ఒకటో సంవత్సరానికి ముందుండే) తరగతిలో చేరి, 2025 జులైలో ఆరో సంవత్సరం ముగించుకుని బయటికి వచ్చింది. తమ్ముడు ఇంకా అక్కడే చదువుతున్నాడు. భద్రత దృష్ట్యా పాఠశాల పేరు రాయడం లేదు. అన్ని నేపథ్యాల పిల్లలనూ చేర్చుకుంటామని చెప్పే ఇటువంటి బడిలో ఒక తెలుగు హిందూ కుటుంబానికి రోజులు ఎలా గడుస్తాయో తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

ఇది ప్రభుత్వ నిధులతో నడిచే ఫ్రీ స్కూలు కాబట్టి ఫీజు లేదు. యూదు విద్యకూ కాపలాకూ అయ్యే ఖర్చు కోసం స్వచ్ఛంద విరాళం అడుగుతారు. ఇవ్వలేని నెలల్లో మమ్మల్ని ఎవరూ నిలదీయలేదు. మతప్రాతిపదికన ఏర్పడిన ఫ్రీ స్కూళ్లలో దరఖాస్తులు సీట్లను మించినప్పుడు సగం సీట్ల వరకే మతాన్ని బట్టి కేటాయించాలన్న నియమం ఉంది. మాకు సీటు దొరికింది మిగతా సగంలోనే, ఇల్లు దగ్గర కావడం వల్ల. పాత పద్ధతిలో నడిచే యూదు బడులు కూడా ఖాళీలుంటే ఇతరులను చేర్చుకుంటాయి. బర్మింగ్‌హామ్‌లోని కింగ్ డేవిడ్ పాఠశాలలో ఎక్కువమంది విద్యార్థులు ముస్లింలే. మన దేశంలో 1881లో మొదలైన కోల్‌కతా యూదు బాలికల పాఠశాలలో కూడా ఇప్పుడు చదువుతున్నది దాదాపుగా ముస్లిం అమ్మాయిలే.

చేరేముందు మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, పిల్లను మతం మార్చరు కదా అని. ఈ ఏడేళ్లలో అటువంటి ప్రయత్నం ఛాయామాత్రంగానైనా కనిపించలేదు. ఇతరులను తమ మతంలోకి పిలవడం యూదుల సంప్రదాయంలో లేదన్న సంగతి నాకు తరువాత అర్థమైంది. అయితే అన్ని నేపథ్యాలకూ తెరిచిన బడి అంటే మతాన్ని పలచన చేసిన బడి అనుకోవడం పొరపాటు. ప్రతి శుక్రవారం పిల్లలందరూ హాల్లో చేరి, ఆ సాయంత్రం సూర్యాస్తమయంతో మొదలయ్యే యూదుల వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్‌కు స్వాగతం పలుకుతారు. దీపాలు, ద్రాక్షరసం, జడలా అల్లిన హల్లా రొట్టె, హీబ్రూ పాటలు అన్నీ ఉంటాయి. మా అమ్మాయి ఆ పాటలన్నీ పాడింది, హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చింది. ఇంటికి వచ్చి మన దీపం ఎందుకు వెలిగిస్తామని అడిగింది. అంతవరకు నేను ఆ ప్రశ్న వేసుకోనే లేదు కాబట్టి, రాజమండ్రిలోని మా అమ్మకు ఫోన్ చేయాల్సి వచ్చింది.

పూర్వం యూదులు బానిసత్వం నుంచి విడుదలైన సంగతిని తలచుకునే పెసహా పండుగకు ముందు తరగతిలో ఆ పండుగ విందైన సేదర్ భోజనం చేయించినప్పుడు, ఈజిప్టు బానిసత్వపు చేదుకు గుర్తుగా ఘాటైన దుంప తురుము, కన్నీళ్లకు గుర్తుగా ఉప్పునీళ్లు, ఇటుకల మట్టికి గుర్తుగా ఆపిలు ముద్ద రుచి చూసిన పిల్ల, ఇది మన ఉగాది పచ్చడే అంది. అది విన్న ఉపాధ్యాయురాలు ఆరు రుచుల సంగతి తరగతికంతటికీ చెప్పించారు. వాళ్ల పళ్లెంలో ఒక్కో రుచి ఒక్కో జ్ఞాపకంగా విడిగా ఉంటుందనీ, మనం అన్నిటినీ కలిపి ఒక్కసారిగా తింటామనీ తేడా పట్టుకున్నది కూడా పిల్లలే. రెండు పంచాంగాలలోనూ పంతొమ్మిదేళ్లకు ఏడుసార్లు అధికమాసం వస్తుందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

కానీ నేను చేసిన పచ్చడి మాత్రం ఆ గేటు దాటలేదు. మా వంటగది కోషర్ (యూదుల ఆహార నియమాలకు తగినది) కాదు కాబట్టి ఇంట్లో వండిన ఏ పదార్థాన్నీ నలుగురికీ పంచడానికి వీల్లేదు. పుట్టినరోజు కేకు కూడా కోషర్ ముద్ర ఉన్న దుకాణం నుంచే కొనాలి. మొదట్లో మనసు చివుక్కుమన్నా, ఆ నియమాన్ని చేరేరోజే స్పష్టంగా చెప్పి ఎవరికోసమూ సడలించకపోవడం వల్ల అది మమ్మల్ని వేరు చేయడానికి కాదని నమ్మకం కుదిరింది. పిల్ల సొంత డబ్బాలో శాకాహారం పెట్టవచ్చు. వేరుశనగ గుళ్లు లేని పులిహోర ఏడేళ్లపాటు నిరాటంకంగా వెళ్లింది. బడి భోజనంలో మాంసం లేకపోవడం శాకాహారులైన మాకు పెద్ద ఊరట.

అసలు కష్టం సెలవులతోనే. డిసెంబరులో లండన్‌లో నాలుగు గంటలకు ముందే సూర్యాస్తమయం అవుతుంది కాబట్టి, షబ్బాత్ మొదలయ్యేలోగా కుటుంబాలు ఇల్లు చేరేందుకు చలికాలపు శుక్రవారాల్లో బడి మధ్యాహ్నమే మూసేస్తారు. 2025లో యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా నుంచి ఆ పండుగల వరుసలో చివరిదైన సింహత్ తోరా వరకు వచ్చిన పండుగలకు మూడు వారాల పైచిలుకు కాలంలో ఏడు పనిదినాలు పోయాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మరో ఇద్దరు తల్లులతో వంతులు వేసుకుని నెట్టుకొచ్చాం.

ఇతర మతాల పాఠాలు తొలి సంవత్సరాల్లో బలహీనంగా ఉండేవి. హిందూ ధర్మమంటే దేవతల బొమ్మల జాబితాగా చూపించిన ఒక పాఠం మీద నేను ఉత్తరం రాశాను. మరుసటి ఏడాది నన్నే పిలిచి తరగతిలో మాట్లాడించారు. పాఠమూ మారింది, అయితే దానికి కేటాయించిన సమయం ఇప్పటికీ తక్కువేనని నా అభిప్రాయం.

2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగిన తరువాతి వారం మరిచిపోలేనిది. లండన్‌లో కొన్ని యూదు పాఠశాలలు తాత్కాలికంగా మూసివేశారు. మా బడి తెరిచే ఉంది, గేటు దగ్గర కాపలా పెరిగింది, పిల్లలను దింపి గుమిగూడకుండా వెళ్లిపొమ్మన్నారు. ఇంకెక్కడికైనా మారుద్దామా అని మా వారు అడిగారు. ఆ శుక్రవారం మా అమ్మాయి తరగతిలోని ముస్లిం కుటుంబం కూడా ఎప్పటిలా పిల్లవాణ్ని తీసుకొచ్చింది. వాళ్లూ మేమూ యూదు తల్లిదండ్రులూ ఎక్కువగా మాట్లాడుకోలేదు, ఒకరి పిల్లలను ఒకరం లోపలిదాకా సాగనంపాం. మార్చాలన్న మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

దరఖాస్తు స్థానిక కౌన్సిల్ ద్వారా జనవరి 15లోగా చేయాలి, ఫలితం ఏప్రిల్ 16న వస్తుంది. మతం కోటాలో అడిగేవారే అనుబంధ పత్రం నింపాలి, మేము నింపలేదు. బడి చూడటానికి వెళ్తే వీలైనంతవరకు శుక్రవారం ఉదయం వెళ్లండి, హాల్లో దీపాలు వెలిగించే సమయానికి.