లాడ్జి మిద్దె మీద బూస్టర్ పంపు: ఏళ్ల తరబడి వాడిన తర్వాత సమీక్ష

నెల్లూరు ట్రంకు రోడ్డుకు దగ్గరలో గ్రౌండు ఫ్లోరు, దానిపైన నాలుగు అంతస్తులు ఉన్న ఒక లాడ్జి నిర్వహణ చూస్తున్నాను. అందులో 2019లో బిగించిన ప్రెషర్ బూస్టర్ సెట్టును, అంటే ట్యాంకు నుంచి దిగే నీటి ప్రెషరును పెంచే పంపుల సెట్టును, అప్పటి నుంచీ వాడుతున్న అనుభవంతో ఇది రాస్తున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలు మల్టీస్టేజి (అంచెలంచెలుగా ప్రెషరు పెంచే) పంపులు రెండు, మోటారు వేగాన్ని అవసరానికి తగ్గట్టు మార్చే వీఎఫ్‌డీ ప్యానెలు, ఒక ప్రెషరు వెసెలు (గాలి ఒత్తిడితో కొంత నీటిని నిల్వ ఉంచే చిన్న ట్యాంకు) కలిపి వచ్చిన సెట్టు అది. పంపు ఏ కంపెనీది, ఎన్ని హెచ్‌పీ అనే ప్రశ్నల కంటే, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టారు, ఏయే అంతస్తులను దానికి కలిపారు అనేవే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ప్రెషరు ఉంటుంది. మా ట్యాంకు అడుగు మిద్దె స్లాబుకు రెండు మీటర్ల ఎత్తున, షవరు స్లాబుకు సుమారు మీటరు కింద ఉన్నాయి కనుక, పై అంతస్తు షవరుకు దక్కేది మూడు మీటర్ల ఎత్తు, అంటే 0.3 బార్ మాత్రమే. షవరు బాగా పడాలంటే ఒక బార్ దాకా కావాలి. అదే గ్రౌండు ఫ్లోరులో పంపు అక్కరలేకుండానే ఒకటిన్నర బార్ వస్తుంది. భవనం మొత్తాన్ని బూస్టరుకే కలుపుదామని కాంట్రాక్టరు ప్రతిపాదించాడు. మేము ఒప్పుకోలేదు. మిద్దె మీద రెండు బార్లకు సెట్ చేస్తే కింది అంతస్తులో ప్రెషరు మూడు బార్లు దాటుతుంది. అక్కడ హెల్త్ ఫాసెట్ గొట్టాలు, ఫ్లష్ ట్యాంకు వాల్వులు ఆ తాకిడికి త్వరగా పాడవుతాయి, నీరూ వృథా అవుతుంది. అందువల్ల పై రెండు అంతస్తులకే విడిగా లైను వేయించి, మిగిలినవాటిని పాత పద్ధతిలోనే ఉంచాము. ఇన్నేళ్లలో నాకు అత్యంత సంతృప్తినిచ్చిన నిర్ణయం ఇదే.

బిగించిన చోటు విషయంలో మాత్రం మొదట్లో చాలా ఇబ్బంది పడ్డాము. పైపు ఖర్చు కలిసి వస్తుందని కాంట్రాక్టరు పంపులను ట్యాంకు పక్కనే, సరిగ్గా ఒక గది నెత్తిన, స్లాబు మధ్యలో బిగించి వెళ్లాడు. తిరుపతి బస్సు అందుకోవాలనుకునేవారు తెల్లవారుజామునే స్నానాలు మొదలుపెట్టేవారు. అప్పుడు ఆ గదిలో టేబులు మీద పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్లు సన్నగా వలయాలు తిరగడం నేను స్వయంగా చూశాను. మోత పెద్దది కాదు గానీ, మంచం కోడు దాకా సన్నని వణుకు తెలిసేది. స్లాబు మధ్యభాగం గోడల మీద, బీముల మీద ఆనుకున్న భాగం కంటే ఎక్కువగా కదులుతుంది కనుక, సెట్టును వరండా పైకి, స్తంభం మీదుగా పోయే బీము మీదికి మార్పించాము. కింద మందపాటి రబ్బరు ప్యాడ్లు, వాటిపైన బరువైన కాంక్రీటు దిమ్మె, పంపుకు రెండు వైపులా రబ్బరు బెల్లోస్ (వణుకును పైపులోకి పోనీయని మెత్తని జాయింట్లు), పైపు గోడను తాకే ప్రతి క్లాంపు లోపల రబ్బరు పట్టీ పెట్టించాము. దిమ్మె ఒక్కటే వేసి బెల్లోస్ మానేస్తే ఫలితం ఉండదు, ఎందుకంటే వణుకు పైపుల వెంట నడిచి గోడల్లోకి దిగుతుంది.

పంపు ట్యాంకు అడుగుకన్నా కిందనే ఉండాలి. అప్పుడు నీరు తనంతట తానే పంపులోకి దిగుతుంది, గాలి పట్టదు. సక్షన్ పైపు (ట్యాంకు నుంచి పంపులోకి నీరు తెచ్చే పైపు) పంపు మూతికన్నా సన్నగా ఉండరాదు. పంపుకు ముందు పైపు వ్యాసానికి అయిదు రెట్లయినా మలుపు లేని నిడివి ఉండాలి. ఎల్బో (పైపును మలిపే ముక్క) వేసి నేరుగా పంపుకు తగిలిస్తే నీరు సుడి తిరుగుతూ లోపలికి పోయి చప్పుడు పెరుగుతుంది. ట్యాంకులో నీరు అవుట్‌లెట్‌కు ఒక జానెడు పైన ఉండగానే మోటారు ఆగేలా ఫ్లోటు స్విచ్ పెట్టించడం తప్పనిసరి, ఎందుకంటే పొడిగా తిరిగిన పంపులో మెకానికల్ సీలు (ఇరుసు దగ్గర నీరు కారకుండా ఆపేది) కొద్దిసేపట్లోనే కాలిపోతుంది.

ఎండ సంగతి మన జిల్లాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వీఎఫ్‌డీలు సాధారణంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత దాకా పూర్తి సామర్థ్యంతో పనిచేసేలా తయారవుతాయి. నెల్లూరు మే నెల ఆ హద్దును తేలికగా దాటుతుంది. పడమటి గోడకు బిగించిన మా ప్యానెలు మధ్యాహ్నాలు ట్రిప్ అయ్యేది. దాన్ని మెట్ల గది లోపలికి మార్చిన తర్వాత ఆ సమస్య పోయింది. పంపుల మీద రేకుల కప్పు వేసినా, నాలుగు వైపులా గాలి ఆడేలా వదిలాము.

కరెంటు ఆదా గురించి అమ్మేవాళ్లు చెప్పేదాన్ని కొంత తగ్గించుకుని వినాలి. వేగం 80 శాతానికి దిగితే కరెంటు వాడకం సగానికి పడిపోతుందనే లెక్క సిద్ధాంతంగా సరైనదే. అయితే ఎప్పుడూ ఒకే ప్రెషరు నిలబెట్టాల్సిన చోట వేగం ఒక స్థాయికి మించి దిగదు కనుక, అంత లాభం రాదు. అసలు ప్రయోజనం వేరు: పక్క గదిలో కుళాయి తిప్పినా ఇక్కడి షవరు ధార మారదు, గీజరు నీటి వేడి ఒక్కసారిగా పెరిగి తగ్గడం ఉండదు. ఇక ప్రెషరు వెసెలును చాలామంది పట్టించుకోరు. దానిలోని నీరు ఖాళీ చేసి, టైరు గేజీతో గాలి కొలవాలి. రెండు బార్ల సెట్టింగుకు సుమారు 1.4 బార్ ఉండాలి. రాత్రి ఎవరూ నీళ్లు వాడకపోయినా పంపు మాటిమాటికీ మొదలై ఆగుతుంటే, గాలి తగ్గిందో, ఎక్కడైనా ఫ్లష్ కారుతోందో చూడాలి.

సెల్లారులోని సంపు దగ్గర బూస్టరు పెట్టి, ఓవర్‌హెడ్ ట్యాంకే లేకుండా చేయమని కొందరు సలహా ఇస్తారు. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు పల్లపు ప్రాంతాలను ముంచింది. అది చూశాక సెల్లారులో ప్యానెలు పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను. పైగా కరెంటు పోయిన క్షణం నుంచి భవనమంతటికీ నీళ్లు ఉండవు. మున్సిపల్ కుళాయి లైనుకు నేరుగా బూస్టరు తగిలించడం నిబంధనలకు విరుద్ధం, పైపులో ఎక్కడైనా కన్నం ఉంటే మురుగు నీటిని కూడా లోపలికి లాగుతుంది.

ఈ సెట్టులో నాకు నచ్చనిది విడిభాగాల ఆలస్యం. కంట్రోలు కార్డు పోతే చెన్నై నుంచి రావాలి, సీలు కిట్ మాత్రం ముందే కొని ఉంచుకుంటున్నాము. కార్డు కోసం ఎదురుచూసే రోజుల్లో మమ్మల్ని ఆదుకున్నది పంపుల పక్కన వేసిన బైపాస్ లైను. దానిలో ఎన్‌ఆర్‌వీ (నీటిని ఒకే వైపుకు పోనిచ్చే వాల్వు) ఉన్నందువల్ల అది పంపు నడుస్తున్నప్పుడు మూసుకుని, ఆగినప్పుడు తెరుచుకుని, ట్యాంకు నీటిని ఎత్తు బలంతోనే కిందికి వదులుతుంది. పైపు, ఒక వాల్వు ఖర్చే కనుక, కొటేషన్‌లో అది లేకపోతే పని మొదలుకాకముందే రాయించుకోండి.