మా పాప చేతుల్లో నలిగిన ‘గ్రఫలో’

పాపకు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఈ పుస్తకం కొన్నాం. ఇప్పుడు తను నర్సరీకి వెళ్తోంది, అయినా పడుకునే ముందు ఇదే చదవమంటుంది. అట్ట మూలలు కొరికేసింది, పాము పేజీ మీద పాల మరకలున్నాయి. ఇన్నాళ్లు వాడాక రాస్తున్నాను కాబట్టి కొత్త మోజులో చెప్తున్న మాటలు కావివి.

జూలియా డొనాల్డ్‌సన్ రాసి, ఆక్సెల్ షెఫ్లర్ బొమ్మలు వేసిన ‘ది గ్రఫలో’ 1999లో ఇక్కడ బ్రిటన్‌లో వచ్చింది. అడవిలో నడిచిపోతున్న చిట్టెలుకకు నక్క, గుడ్లగూబ, పాము ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. మూడూ ఎంతో మర్యాదగా ఇంటికి పిలుస్తాయి. నక్క భోజనానికి, గుడ్లగూబ టీకి, పాము విందుకు. వాటి ఆలోచన ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. గ్రఫలో అనే మృగాన్ని కలవడానికి వెళ్తున్నానని, దానికి కాల్చిన నక్కంటే ప్రాణమని ఎలుక అప్పటికప్పుడు అల్లేస్తుంది. చివరికి ఆ మృగం నిజంగానే ఎదురొస్తుంది.

నాకు ఈ పుస్తకం మీద గౌరవం పెరిగింది ఇక్కడే. పసిపిల్లల పుస్తకాల్లో సాధారణంగా జంతువులన్నీ స్నేహితులే. ఇందులో నక్క నక్కలాగే ఉంటుంది, దానికి ఆకలేస్తుంది. వీడియో కాల్‌లో విన్న మా అత్తయ్య మొదట్లో, ‘పసిదానికి తినేయడం, చంపేయడం ఎందుకమ్మా?’ అన్నారు. కానీ పాప భయపడలేదు. నక్క పేజీ రాగానే అరచేత్తో ఎలుకని కప్పేసి, పేజీ తిప్పాక తీసేది. ‘నక్క నిజంగా ఎలుకని తింటుందా?’ అని అడిగితే అవునన్నాను. గుడ్లగూబ ఎలుకని అమాంతం మింగి, అరగని ఎముకల్ని, బొచ్చుని ఉండలా చేసి బయటికి కక్కుతుందని కూడా చెప్పాను. అదీ ఎంతో ఇష్టంగా వింది. తర్వాత అత్తయ్యే పంచతంత్రంలోని కుందేలు బావిలో సింహానికి దాని నీడనే చూపించిన కథ చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు పాప రెండు కథలూ కలిపేసి అడుగుతుంటుంది.

ఈ కథకు మూలం ఒక చైనా జానపద కథ. పులి నోటికి చిక్కబోయిన నక్క, ‘నా వెంట రా, నన్ను చూసి అందరూ ఎలా పారిపోతారో చూపిస్తా’ అని దాన్ని వెనకేసుకుని నడుస్తుంది. పులిని చూసి అందరూ పరుగెడితే, నక్కకే భయపడ్డారని పులి నమ్ముతుంది. మన ఎలుక కూడా గ్రఫలోని ఇలాగే వెంటేసుకుని నడుస్తుంది. రచయిత్రికి పులితో ప్రాస కుదరక ఈ కొత్త మృగాన్ని పుట్టించారట. ఆ పట్టుదల ప్రతి పాదంలోనూ తెలుస్తుంది. బయటికి చదువుతుంటే ఎక్కడా నాలుక తడబడదు. నిద్రమత్తులో చదివినా లయ తప్పదు. పాదం చివరి మాట దగ్గర నేను ఆగితే పాప పూర్తి చేసేది. ఇంకా వాక్యాలు సరిగా రాని వయసులోనే.

బొమ్మల్లో నాకు నచ్చింది, గ్రఫలోని ఒక్కసారిగా చూపించకపోవడం. ఒకసారి కోరలు, గోళ్లు, పళ్లు. మరోసారి బొడిపెల మోకాళ్లు, ముక్కు కొసన పులిపిరి. తర్వాత నారింజ రంగు కళ్లు, నల్ల నాలుక, వీపు మీద ఊదారంగు ముళ్లు. ముక్కలు ముక్కలుగా చూశాక మొత్తం మృగం ఎదురయ్యేసరికి, పిల్లలు భయపడరు, గుర్తుపడతారు. ఆ తర్వాత పాము, గుడ్లగూబ, నక్క తిరుగు వరసలో వస్తాయి. ఎవరొస్తారో ముందే చెప్పేయడం పాపకు పెద్ద గొప్ప.

లోపాలు లేవని కాదు. దాదాపు ఏడొందల మాటల కథ. రెండేళ్లలోపు పిల్లలు చివరిదాకా కూర్చోవడం కష్టం. మేము మొదట్లో బొమ్మలు చూపిస్తూ సగం చదివి ఆపేవాళ్లం. దళసరి అట్టపేజీల కాపీ చిన్నది, మంచం పక్క దీపం వెలుతురులో అక్షరాలు నా కళ్లకు ఇబ్బందే. మామూలు కాగితం కాపీ పెద్దదే కానీ, మాది త్వరగానే చిరిగింది.

బకింగ్‌హమ్‌షైర్ వైపు ఉండేవాళ్లకి ఒక మాట. వెండోవర్ వుడ్స్ అడవిలో గ్రఫలో చెక్కబొమ్మ ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే పుస్తకం కూడా పట్టుకెళ్లండి, దాని ముందే కూర్చుని చదవొచ్చు.

రెండేళ్లలోపు పిల్లలుంటే అట్టపేజీలదే కొనండి. మూడేళ్లు దాటితే పెద్దది తీసుకోండి, బొమ్మల్లోని చిన్నచిన్న పురుగులూ పిట్టలూ అందులోనే బాగా కనిపిస్తాయి. 2004లో వచ్చిన రెండో భాగం, గ్రఫలో కూతురి కథ, కాస్త ఆగి కొన్నా పర్లేదు.